లాండ్రీ జట్టులో తుపాను ఆఖరి మ్యాచ్

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆసుపత్రి వెనక గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర, షిఫ్టు దిగినవాళ్లూ ఎక్కబోయేవాళ్లూ బల్లల మీద సర్దుకుని కూర్చున్నారు. ఎక్స్‌రే తీసే అమ్మాయి ఫోన్లో ఏదో చదువుతూ, "ఇది విన్నారా, బోలెడు కప్పులు గెలిచిన ఫుట్‌బాల్ ఆటగాడు ఆఖరికి వెళ్లి ఏదో ఉప్పు ఫ్యాక్టరీ జట్టులో చేరాడట. ఇదేం చోద్యం," అంది.

అప్పటిదాకా టీ ఊదుకుంటున్న ఇస్త్రీ బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఇక మొదలన్నమాటే. టీ మాస్టరు స్టవ్ తగ్గించి చెవి ఇటు పడేశాడు. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై రెండేళ్లుగా దుప్పట్లూ డాక్టర్ల కోట్లూ ఇస్త్రీ చేస్తున్న మనిషి బాబాయ్. ఆయన పక్కనే కుట్టు అక్క కూర్చుని ఉంది. అదే లాండ్రీలో చిరిగిన దుప్పట్లకి కుట్లు వేయడం ఆవిడ పని. మాట తక్కువ.

"అందులో చోద్యమేముందమ్మాయ్," అన్నాడు బాబాయ్. "తుపాను ఆఖరి మ్యాచ్ ఎవరికి ఆడాడనుకున్నావ్? మా లాండ్రీకి."

"ఏ తుపాను? మా నాన్న తన గదిలో బొమ్మ అంటించుకున్న తుపానేనా?"

"ఆ తుపానే. తొమ్మిదో నంబరు చొక్కా. ఆయన బంతి తీసుకుని బయల్దేరాడంటే అవతల గోల్‌కీపరు ముందే ఇంటికి కబురు పెట్టుకునేవాడు. అలాంటివాడు మా జట్టులో ఆడాడు. దానికి నేను పెద్దగా చేసిందేమీ లేదు, ఉన్నమాట చెప్పుకోవాలి కదా. ఆయన చొక్కా ఒకటి ఇస్త్రీ చేశాను, అంతే."

అంబులెన్స్ డ్రైవరు బల్ల మీద కాస్త ముందుకి జరిగాడు. "ఇస్త్రీ చేస్తే ఆడేశాడా బాబాయ్?"

"చెప్పనీ మరి. మోకాలి ఆపరేషన్‌కి మన ఆసుపత్రికొచ్చాడు. మూడో అంతస్తు, చివరి గది. ఇక ఆట మానుకోవాల్సిందే అని పెద్ద డాక్టరు తేల్చేశాడు. ఒకరోజు ఆయన ఆట చొక్కా దుప్పట్ల మూటలో కలిసిపోయి మా కిందికొచ్చింది. అప్పట్లో లాండ్రీ సెల్లార్‌లో ఉండేది, నీకు తెలియదులే. కిటికీ అన్నది లేదు. పొద్దున దిగితే సాయంత్రం పైకొచ్చేదాకా ఎండో వానో తెలిసేది కాదు. ఆవిరికి అందరికీ దగ్గు. ట్యూబ్‌లైట్ కింద కుట్టీ కుట్టీ అక్కకైతే సూదిలో దారం ఎక్కించడం కూడా కష్టమైపోయింది. సరే, ఆ చొక్కా నేను తీశాను, ఇస్త్రీ చేశాను. చేతి మడత ఎలా వచ్చిందంటే, దాని మీద వాలిన ఈగ రెండు ముక్కలైంది."

"ఈగా?" అన్నాడు టీ మాస్టరు.

"చిన్న ఈగేలే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు మెట్ల మీద టకటకమని చప్పుడు. చూస్తే తుపాను. చొక్కా చేత్తో పట్టుకుని, కర్ర ఊపుకుంటూ సెల్లార్‌లోకి దిగొచ్చాడు. 'ఈ ఇస్త్రీ చేసిన చెయ్యి ఎవరిది? ఇంత నిటారు గీత నేను ఆడిన ఏ మైదానంలోనూ చూడలేదు' అన్నాడు. నాదేనన్నాను. అంతే, చెయ్యి పట్టేసుకున్నాడు. 'పెద్ద పెద్ద క్లబ్బులు రమ్మంటున్నాయి, నాకు మనసు రావడం లేదు, నన్ను మీ జట్టులో చేర్చుకోండి' అని ఒకటే బతిమాలడం."

"మీకు జట్టుందని ఆయనకెలా తెలుసు?" అంది ఎక్స్‌రే అమ్మాయి.

"జట్టు ఉందమ్మాయ్, ఏడాదికో మ్యాచ్ వంటింటివాళ్లతో ఆడి ఓడిపోయేవాళ్లం. పదకొండేళ్లు వరసగా ఓడాం. కానీ ఆ ఏడు సంగతి వేరు. పైన తూర్పు వైపు పెద్ద హాలు ఒకటి ఖాళీ అయింది. ఆరు కిటికీలు. మాకివ్వండని మేం, సామాను పెట్టుకోడానికి మాకివ్వండని వంటింటివాళ్లు. రెండు అర్జీలూ చదివి చదివి సూపరింటెండెంటు గారికి తల వాచింది. 'ఎలాగూ మ్యాచ్ ఆడతారుగా, గెలిచినవాళ్లు తీసుకోండి' అనేశారు. మాకు గుండె జారిపోయింది. ఎందుకంటే వంటింటివాళ్లంటే మామూలువాళ్లా, నిండు గంగాళం ఒంటిచేత్తో దించేవాళ్లు. వాళ్ల గోల్‌కీపరు వంట మేస్త్రి. ఆయన నిలబడితే వెనకాల గోల్ ఉందో లేదో కనబడేది కాదు."

"మరి తుపాన్ని వెంటనే చేర్చుకున్నావా?"

"వెంటనే ఎలా చేర్చుకుంటాను? 'చూద్దాం, ముందు ఆట చూపించు' అన్నాను. తడి దుప్పట్ల మూట ఒకటి ముందు పడేశాను, మణుగు బరువు. దాన్ని ట్రాలీల మధ్యనుంచి కాలితో అటూ ఇటూ తిప్పుకుంటూ తీసుకెళ్లాడు. బానే ఉంది కానీ మలుపు దగ్గర కాస్త తడబడ్డాడు. 'అలా కాదయ్యా, ఇస్త్రీ పెట్టె తిప్పుతాం చూడు, మొన నొక్కి మడమ వదలాలి' అని చూపించాను. పట్టేశాడు. తెలివైనవాడు, కాదనలేం. వారం రోజులు ఆవిరిలో సాధన చేయించాను. ఆ ఆవిరికి ఆయన మోకాలు నూనె పోసిన తలుపు బందులా తిరగసాగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు వచ్చి చూసి, తన కోటు నాకిచ్చేసి, ఇక నువ్వే వేసుకోవయ్యా అన్నాడు."

"ఆ కోటు ఏది?"

"ఇస్త్రీ చేసి తిరిగిచ్చేశాను. మనకెందుకు ఒకరి కోటు? ఇక మ్యాచ్ రోజు. నీళ్ల ట్యాంకు వెనక మైదానం. నాలుగంతస్తుల కిటికీల్లోనూ పేషెంట్లే. మొదటి సగంలో తుపానుని దాచిపెట్టాను. ఎత్తుగడ అన్నమాట. సగం ఆటకి వాళ్లు పదకొండు, మేం సున్నా. వంట మేస్త్రి అప్పుడే మనుషుల్ని పంపి హాల్లో గంగాళాలకి చోటు కొలిపిస్తున్నాడు. అప్పుడు దింపాను తుపానుని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

టీ మాస్టరు అడగకుండానే ఇంకో గ్లాసు ఆయన ముందు పెట్టాడు.

"మొదటి తన్ను తన్నాడు. బంతి లేచి నాలుగో అంతస్తు కిటికీలోంచి ఆపరేషన్ థియేటర్‌లోకి పోయింది. లోపల డాక్టరు చేతులు ఖాళీ లేవు, తలెత్తి చూడకుండానే నెత్తితో ఒక్కటిచ్చాడు. మత్తులో ఉన్న పేషెంటు 'గోల్' అన్నాడు. బంతి నేరుగా వచ్చి గోల్లో పడింది. రెండో తన్నుకి లేచిన గాలికి తీగల మీద మూడొందల తడి దుప్పట్లు ఆరిపోయాయి. ఆరడమే కాదు, మడతలు కూడా వాటంతటవే పడిపోయాయి. మూడు, నాలుగు, అయిదు, అలా కొట్టుకుంటూ పోతున్నాడు. కిటికీల్లో పేషెంట్లు ఉండబట్టలేక కర్రలూ కట్లూ విసిరేసి గంతులేస్తున్నారు. ఆ ఒక్కరోజే నలభై మంది డిశ్చార్జి. కావాలంటే రికార్డులు చూసుకోండి."

"రికార్డులు ఎక్కడున్నాయి?" అన్నాడు డ్రైవరు.

"ఆ హాల్లోనే ఉండేవి, మేం వచ్చాక తీసేశారు. పదకొండూ పదకొండూ సమానమైంది. ఇంకా ఒక్క నిమిషం ఉంది. తుపాను కాళ్ల దగ్గర బంతి, ఎదురుగా గోల్. కొట్టేయొచ్చు. కొట్టలేదు. ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించి, 'గురువుగారూ, ఇది మీ చేతుల మీదుగా జరగాలి' అన్నాడు."

"చేత్తో తగిలితే ఫౌల్ కదా బాబాయ్," అంది ఎక్స్‌రే అమ్మాయి.

"మాటవరసకన్నాడమ్మాయ్. నేను చెప్పులు విడిచి పక్కన పెట్టి, ఒక్క తన్ను తన్నాను. బంతి, వలా, గోలు కర్రలూ, వాటిని పట్టుకుని వేలాడుతున్న వంట మేస్త్రీ, అన్నీ కలిసి లేచి వాళ్ల వంటింట్లో దిగాయి. బంతి మాత్రం ఆగలేదు. పోయింది పోయింది, ఇప్పటికీ కిందకి రాలేదు."

"కిందకి రాకపోతే గోల్ ఎలా అయింది?"

"పోతూ పోతూ గోల్లోంచే పోయిందిగా. ఇక ఆ సాయంత్రం అయిదు క్లబ్బుల యజమానులు అయిదు విమానాల్లో వచ్చి మన మైదానంలో దిగారు. తుపాను కోసం కాదు, నా కోసం. సెలవు లేదన్నాను. తుపాను బూట్లు విప్పి నా ముందు పెట్టి, 'లాండ్రీకి ఆడాక ఇంకెక్కడ ఆడినా ఆటలా ఉండదు' అని, అక్కడితో ఆట మానేశాడు. అదీ జరిగింది."

బాబాయ్ గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో సగం తాగేశాడు. కొట్టంతా నవ్వులు. ఆ నవ్వులు తగ్గేదాకా ఆగి కుట్టు అక్క అంది, "తమ్ముడూ, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను."

బాబాయ్ గ్లాసు పెదవుల దగ్గరే ఆగింది. "నువ్వు లోపల కుట్టుకుంటున్నావేమో కదక్కా."

"గోలు కర్ర పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నాను. నా కళ్లు అంత దూరమే ఆనేవి." ఆవిడ ఎక్స్‌రే అమ్మాయి వైపు తిరిగింది. "తుపాను వచ్చింది నిజమేనమ్మా. కానీ ఆయన కిందికి దిగి రాలేదు. ఈయనే పైకెళ్లాడు. మొదటి రోజు నర్సు తరిమేసింది. రెండో రోజు ఆయన నిద్రపోతున్నాడు. మూడో రోజు చొక్కా ఇచ్చే వంకతో వెళ్లి, కిటికీ లేని గది గురించీ, నా కళ్ల గురించీ చెప్పుకుని, ఒక్కసారి వచ్చి నిలబడండి బాబూ అని అడిగాడు. అంత పెద్ద మనిషిని అడగడానికి మాలో ఇంకెవరికీ నోరు రాలేదు."

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. బాబాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు.

"పరుగెత్తలేను, నిలబడగలను అన్నాడాయన. ఆఖరి అయిదు నిమిషాలకి మా నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. కర్ర నాకిచ్చి, మైదానం మధ్యలో నిలబడ్డాడు. అప్పటికి ఎవరూ ఒక్క గోలూ కొట్టలేదు. పదకొండు లేదు, పన్నెండు లేదు. ఆయన్ని చూడగానే వంటింటివాళ్లంతా వెళ్లి చుట్టూ కోటలా నిలబడిపోయారు. వంట మేస్త్రి కూడా గోలు వదిలేసి వెళ్లాడు. బంతి సంగతి ఎవరికీ పట్టలేదు. మా ట్రాలీలు తోసేవాడు వాళ్ల గోల్ పక్కనుంచి కళ్లు మూసుకుని దాన్ని ఒక తన్ను తన్నాడు."

"ఎటు పోయింది?" అన్నాడు డ్రైవరు.

"ఈయన ఆ గోల్ ముందు, వెనక్కి తిరిగి, తుపాను వైపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. బంతి వచ్చి ఈయన వీపు మీద తగిలి, గోల్లోకి దొర్లింది. ఈల వేశారు. మేమంతా ఎగురుతున్నాం. ఈయన మాత్రం వీపు రుద్దుకుంటూ, 'నన్ను కొట్టిందెవర్రా' అని తగువుకి వెళ్లాడు. గెలిచామని ఈయనకి నమ్మకం కలిగించేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది."

టీ మాస్టరు తల వంచుకుని స్టవ్ వైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి.

"తుపాను బంతిని ముట్టుకోనైనా లేదు," అంది అక్క. "కానీ పేపరువాళ్లు ఆఖరి మ్యాచ్ ఎవరికి ఆడారని అడిగినప్పుడల్లా ఆసుపత్రి లాండ్రీకి అనే చెప్పాడు. మేం పై హాల్లోకి మారాం. తూర్పు కిటికీ నాకిచ్చారు. ఇన్నేళ్లయినా సూదిలో దారం నేనే ఎక్కించుకుంటున్నాను."

బాబాయ్ మిగిలిన టీ నెమ్మదిగా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"అయితే అక్కా, గోల్ కొట్టింది నేనేనని నలుగురిలో ఒప్పుకున్నట్టేగా?"

"ఒప్పుకున్నాను."

ఆయన భుజాలు మళ్లీ పైకి లేచాయి. ఎక్స్‌రే అమ్మాయి వైపు తిరిగాడు. "విన్నావుగా అమ్మాయ్. కాలితో అయితే ఎవరైనా కొడతారు. బంతి వైపు చూడకుండా, వెనక్కి తిరిగి నిలబడి, వీపుతో గురి చూసి కొట్టాలంటే ఎంత సాధన కావాలో తెలుసా? ఆ రోజుల్లో నేను పొద్దున్నే లేచి..."

"షిఫ్టు టైమైంది," అంటూ కుట్టు అక్క లేచింది. "పద తమ్ముడూ, పైకెళ్దాం. నాలుగొందల దుప్పట్లున్నాయి. వీపుతో ఎలా చేస్తావో చూస్తాను."