గట్టిదా, గుల్లదా

నిన్న బుధవారం, పగలు పదకొండూ పదికి, మా సినిమా స్టూడియో గేటు పక్కనున్న శిలాఫలకాన్ని మీరు వేలి కణుపులతో తట్టారు బాబూ. టక్కుమనాల్సింది డబ్‌మని బోలుగా మోగింది. మీరు నవ్వారు. "పలకే నకిలీ అయితే ఇంక పాతదనం ఎక్కడిదమ్మా" అని కాగితం మీద ఏదో రాసుకుని కారెక్కేశారు. ఒక్క నిమిషం ఆగకూడదా? చెంగుతో చేతులు తుడుచుకుని నేను వచ్చేలోపే... ఎంత పనైపోయింది!

అయ్యో, లేవకండి. ఫైళ్లు చాలా ఉన్నాయని కనిపిస్తూనే ఉంది. నేను గొంతు పెంచే మనిషిని కాను. దేవుడికి దండం పెట్టుకుని, ధైర్యం కూడగట్టుకుని ఈ మెట్లెక్కాను. మీ నివేదిక రేపు పైకి వెళ్లిపోతుందట కదా? డెబ్భై అయిదేళ్లు దాటిన కట్టడమైతే ఉంచుతారట. లేదంటే కూల్చేస్తారట. మాది డెబ్భై ఎనిమిది బాబూ. దానికి రుజువు కట్టిన ఏడాది చెక్కిన ఆ రాయి ఒక్కటే.

కాగితాలా? ఆఫీసు గది కురిసి, చెదలు పట్టి, మొన్న బీరువా తీస్తే పిడికెడు మట్టి రాలింది.

నేనా? ఆ స్టూడియో అచ్చుల మేస్త్రి భార్యని. ప్లాస్టరు కలిపి స్తంభాలు, విగ్రహాలు, సింహాసనాలు పోసేవారు మావారు. పోయి తొమ్మిదేళ్లయింది. వెనకవైపు క్వార్టర్సులో నేను నలభై రెండేళ్లుగా ఉంటున్నాను. ఏ సెట్టు ఏ ఏడు వేశారో, ఏ వానకి ఏ గోడ కూలిందో అందరూ నన్నే అడుగుతారు. 'పంచాంగం వదిన' అని పేరు కూడా పెట్టారు.

లోపల ఆరు మెట్ల మేడ ముఖం ఒకటి ఉంది, చూశారా? బోర్డు మారిస్తే పొద్దున కోర్టు, మధ్యాహ్నం ఆసుపత్రి, సాయంత్రానికి కథానాయిక పుట్టిల్లు. ఒకసారి నిజంగానే కాలు విరిగినాయన్ని ఎవరో పాపం తెలియక ఆ మెట్లెక్కించారు! తలుపు తోస్తే ఏముంది? వెనకంతా కర్రలు, మావాళ్లు కూర్చుని టీ తాగుతున్నారు. నవ్వొచ్చిందా? నవ్వండి, పరవాలేదు.

అందుకే మా దగ్గర ఒక అలవాటు. దేనికైనా ఆనుకునే ముందు తట్టి చూస్తాం. "గట్టిదా, గుల్లదా?" అంటాం. మా మరిది ఎవరింటికి వెళ్లినా ముందు గోడ తట్టి, తర్వాతే కూర్చుంటాడు. "మా ఇల్లేమైనా అట్టపెట్టె అనుకున్నావటయ్యా" అని ఎన్ని తిట్లు తిన్నాడో!

అంచేత మీరు తట్టడం తప్పని నేననను. మా పద్ధతే చేశారు. కానీ ఆ గుల్లది అక్కడికెలా వచ్చిందో అడగాలిగా?

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో, షూటింగు క్రేను వెనక్కి జరిగి అసలు రాయిని గుద్దింది. మూల విరిగిపడింది. మర్నాడే వార్షికోత్సవం. కట్టించిన పెద్దాయన అప్పటికే మంచంలో ఉన్నారు. చక్రాల కుర్చీలో తీసుకొస్తున్నారు. విరిగిన రాయి చూస్తే ఆయన తట్టుకుంటారా? మావారు గబగబా రాయి మీద అచ్చు తీసి, పలక పోసి, విరిగిన మూల పూడ్చి, రంగేసి గోడలో బిగించారు. అచ్చుగుద్దినట్టు అదే! పెద్దాయన వచ్చి చూసి కళ్లు తుడుచుకున్నారు. తట్టలేదు బాబూ. మా స్టూడియోలో తట్టకుండా నమ్మింది ఆయనొక్కరే.

పండగ... అదే, ఉత్సవం అయ్యాక అసలుది అతికించి పెడదామన్నారు. రేపు, ఎల్లుండి, వచ్చే నెల. పారేయడానికి చేతులు రాక, సెట్టు సామాను లాగే ట్రాలీ మీద మా పెరట్లోకి తెచ్చి కుళాయి పక్కన బోర్లించారు.

మరి ఆ రాయి ఏదంటారా?

చెబుతాను. చెప్పడానికే వచ్చాను. 

బట్టలుతికే బండ చేశాను.

బోర్లిస్తే పైకొచ్చిన వెనకవైపు ఎగుడుదిగుడుగా ఉండి చీరలు చిరిగేవి. మావారిని పోరి పోరి తిరగేయించాను. ఆ అక్షరాల గరుకుకి మురికి ఎంత బాగా వదిలేదో! "అక్షరాలు అరిగిపోతాయే పిచ్చిదానా" అనేవారు. "రాయి అరుగుతుందా, నా చేతులరుగుతాయి గానీ" అనేదాన్ని. నలభై రెండేళ్లు బాబూ. ఆయన చొక్కాలు, పిల్లల గుడ్డలు, మనవల గుడ్డలు. రోజూ పొద్దున్నే "స్వామీ, ఈ స్టూడియోని చల్లగా చూడు" అని మొక్కేదాన్ని. ఆ చేతులతోనే వెళ్లి దాని పుట్టిన తేదీ మీదే సబ్బు రాసి బాదేదాన్ని. అందరికీ పంచాంగాన్ని నేను! ఆ ప్లాస్టరు పలకే అసలుదనుకోవడం నాకూ అలవాటైపోయింది, నిన్న మీరు తట్టేదాకా.

ఈ పొద్దున కోడలు బట్టలు నానబెడుతుంటే ఆపాను. మరిది గడ్డపారతో రాయి పెకలించాడు. కడిగి, తుడిచి, బొగ్గుపొడి రాశాం. కట్టిన ఏడాది లేదు. పేరు లేదు. నా సబ్బుపెట్టె ఉండే చోట మాత్రం రెండక్షరాలు మిగిలాయి. కోడలు వేలితో తడిమి, "అత్తయ్యా, ఇక్కడో సున్నా ఉంది!" అని అరిచింది. సున్నా కాదు తల్లీ, బకెట్టు గుర్తు.

ఆ రెండక్షరాలూ పలక మీది అక్షరాలూ పక్కపక్కన పెట్టి కొలవండి. ఉలి దెబ్బతో సహా కలుస్తాయి. చాలదంటారా? చాలదనే నాకూ అనిపించింది. అయినా ఏం చెయ్యను, చేతులు ముడుచుకుని కూర్చోనా?

ముగ్గురం కలిసి ఆ ట్రాలీ మీదకే ఎక్కించి, తోసుకుంటూ తెచ్చాం. కింద మీ గేటు దగ్గర ఎండలో ఉంది. మరిది, కోడలు కాపలా ఉన్నారు. ఇంటి దగ్గర బట్టలు బకెట్లో అలాగే నానుతున్నాయి.

ఒక్కసారి దిగి రండి బాబూ. చదవక్కర్లేదు. చదవడానికి నేనేమీ మిగల్చలేదు. ఊరికే తట్టండి.

గట్టిదే.