గుమ్మం దగ్గరి సీను

గూఢచారి సినిమా రెండో భాగం విడుదలైన రోజు మధ్యాహ్నం. ఎడిటింగ్ గదిలో ఎడిటరు, అతని వెనక కుర్చీలో అతని అత్తగారు. ఆ సినిమాలో హీరోకి తల్లిగా వేసింది ఆవిడే.

“అదొక్కటి తీసెయ్ నాయనా. ఎలాగూ కోస్తున్నావుగా.”

“నేను కోసేది బాగాలేనివి అత్తయ్యా. రేపు పొద్దుటి ఆటకల్లా పావుగంట తగ్గించమన్నారు. మీ సీను మీద చెయ్యి వేశానంటే పై అంతస్తులో కూర్చున్న ప్రొడ్యూసరు నా చెయ్యి తీసేస్తాడు.”

“ఆయనకేం తెలుస్తుంది? పావుగంటలో అదొక నిమిషం.”

“పొద్దుట్నుంచి ఆయన పట్టుకుని వేలాడుతున్నది ఆ నిమిషాన్నే. రివ్యూలు చదివారా మీరు?”

“కళ్లజోడు తెచ్చుకోలేదు.”

“అయితే వినండి. ‘మొదటి భాగంలో గూఢచారికి బుర్ర ఉంది. రెండో భాగానికి వచ్చేసరికి తుపాకీ మాత్రం మిగిలింది.’ ఇదొకాయన. ‘మూడు దేశాల రహస్యాలు లాగిన హీరోకి పక్కనున్న స్నేహితుడే ద్రోహి అని తెలియడానికి రెండున్నర గంటలు పట్టింది. నా పక్క సీట్లో చంటిపిల్ల ఇంటర్వెల్‌కి ముందే చెప్పేసింది.’ ఇది ఇంకొకావిడ.”

“పాపం, డైరెక్టరు అన్నం తిన్నాడో లేదో.”

“ఫోను ఆపేసి ముసుగు తన్నాడట. ఇది వినండి. ‘ఎడిటరు నిద్రపోయాడో లేదో తెలియదు, నేను మాత్రం పోయాను.’ అది నా వాటా.”

“ఎవడు వాడు? వాడి చేతులు పడిపోను.”

“పోనీండి. ఇప్పుడు అసలుది. ‘ఏడేళ్ల తర్వాత కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురు మేడ మీంచి శత్రువులు చూస్తున్నారని పసిగట్టి, రెప్ప కూడా కదపకుండా ఎవరు కావాలి బాబూ అని అడుగుతుంది తల్లి. ఈ సినిమాలో అసలైన గూఢచారి ఆవిడే.’ ఒకరు కాదు అత్తయ్యా, తిట్టినవాళ్లంతా ఆ ఒక్క దగ్గర ఆగి దండం పెట్టి, మళ్లీ తిట్టడం మొదలుపెట్టారు. సాయంత్రానికి కొత్త పోస్టర్ల మీద హీరో పక్కన మీ బొమ్మ వేస్తున్నారు.”

“నేను లావుగా కనిపిస్తున్నాను అందులో.”

“మీరా?”

“గడ్డం కింద చూడు. ఆ చీర రంగు కూడా నాకు నప్పలేదు. బట్టల అమ్మాయికి ఆ రోజే చెప్పాను.”

“ముప్పయ్యేళ్ల నుంచి తల్లి వేషాలు వేస్తున్నారు. షాట్ అయ్యాక మానిటర్ దగ్గరికొచ్చి మిమ్మల్ని మీరు చూసుకున్న పాపాన పోలేదు. ఇవాళ గడ్డం గుర్తొచ్చిందా?”

“ముసలితనంలో సోకొచ్చింది. ఏం, రాకూడదా?”

“రావచ్చు. అబద్ధమే మీకు రాదు. ఏం జరిగిందో చెప్పండి. ఎవరన్నా ఏమన్నా అన్నారా?”

“అనడమా? పొద్దుట్నుంచీ పొగడ్తలే. ఇద్దరు డైరెక్టర్లు ఫోన్ చేశారు. ‘అమ్మా, మాటలు కూడా వద్దు, ఆ చూపు ఒక్కటి చాలు’ అంటాడు ఒకాయన.”

“మంచిదేగా?”

“మంచిదే.”

“మరి ఆ కళ్లనీళ్లు?”

“ఏసీకి. ఐసు పెట్టెలా ఉంది ఈ గది. ఎలా కూర్చుంటావో రోజంతా.”

“ఒక్క నిమిషం అత్తయ్యా, పైనుంచి ఫోను. సార్. చేస్తున్నాను సార్. హెలికాప్టర్లు రెండు తీసేశాను. లేదు సార్, అమ్మగారి సీను ముట్టుకోను. ఇంకా పెంచాలా? చూస్తాను సార్. ఉంటాను. విన్నారుగా అత్తయ్యా. ఆ చూపు ఇంకాస్త సేపు ఉంచలేమా అని అడుగుతున్నాడు.”

“మా అమ్మాయి రేపు సాయంత్రం ఆటకి వెళ్తోందట.”

“అవును, కాలేజీ వాళ్లతో. పరీక్షల చదువుకి ఒక పూట సెలవిచ్చుకుంది. ‘మా అమ్మ కోసం వెళ్తున్నాను, నీ హెలికాప్టర్ల కోసం కాదు’ అంది నాతో.”

“అది చూడకూడదు.”

“సినిమానా?”

“ఆ సీను.”

“ఎందుకని?”

“చూడకూడదంతే. పెళ్లైన నాటి నుంచి నిన్ను ఇది కావాలి, అది కావాలి అని ఎప్పుడన్నా అడిగానా?”

“అడగలేదు. ఇప్పుడు అడగండి, కాదనను. కానీ కారణం చెప్పకుండా ఆ సీను తీసేస్తే రేపట్నుంచి నన్ను ఏ ఎడిటింగ్ గదిలోకీ రానివ్వరు అత్తయ్యా.”

“కాగితం మీద ఆ సీను ఎలా ఉందో గుర్తుందా నీకు?”

“ఎందుకు లేదు? తలుపు తీస్తారు. కొడుకుని చూసి ‘చంటీ’ అంటారు. చెంప మీద ఒక్కటిచ్చి, దగ్గరికి తీసుకుంటారు. మీరే మార్చారు. ఎదురు మేడ మీది శత్రువుల్ని దానికి తగ్గట్టు తర్వాత తీసి కలిపాం. డైరెక్టరు ఇప్పుడు టీవీల్లో తన ఆలోచనే అని చెప్పుకుంటున్నాడు గానీ.”

“నేను మార్చలేదు.”

“మరి?”

“తలుపు తీశాను. ఎదురుగా ఎవరో కుర్రాడు. పొద్దున నా పక్కన కూర్చుని టిఫిన్ తిన్నవాడే. మొదటి భాగంలో నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చినవాడే. ఎవరో తెలియలేదు నాయనా. సినిమా అని కూడా తెలియలేదు. మా ఇంటి తలుపే తీశాననుకున్నాను. ఎవరో పిల్లాడు ఇల్లు తప్పి వచ్చాడనుకుని అడిగాను.”

“అత్తయ్యా.”

“చప్పట్లు కొట్టారు అందరూ. అవి విన్నాక తెలిసింది నాకు, ఎక్కడున్నానో.”

“ఇంట్లో ఎవరికీ...”

“ఆగు, చెప్పనీ. ఈ రాసేవాళ్లకి అది నటన. మా అమ్మ పోయేముందు ఐదేళ్లు అందర్నీ అదే చూపు చూసింది. ఆవిడకి అన్నం పెట్టిందీ, ఒళ్లు కడిగిందీ ఎవరనుకున్నావు? నేను షూటింగుల్లో తిరిగేదాన్ని. నీ పెళ్లాం చేసింది అదంతా, పదహారేళ్ల పిల్ల, కాలేజీ మానేసి. రోజూ పొద్దున్నే ‘ఎవరమ్మాయివి నువ్వు’ అనిపించుకుని, నవ్వుతూ తన పేరు చెప్పేది. అలాంటిది తెర మీద నా మొహం చూస్తే దానికి ఒకరు చెప్పాలా? ఇన్నాళ్లకి మళ్లీ పుస్తకం పట్టుకుంది. మూసేస్తుంది. నా కోసం మూసేస్తుంది. ఎలాంటిదో నీకు తెలుసు.”

“తెలుసు.”

“చదువయ్యాక తెలిస్తే తెలియనీ. అంతవరకు దాని కంట పడనివ్వకు. నీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను.”

“అవేం మాటలు? ముందు డాక్టరుకి చూపించారా?”

“ఒక్కసారి జరిగినదానికి డాక్టరెందుకు? ఆ రోజు ఎండ, పొద్దుట్నుంచి నిలబెట్టారు. తల తిరిగినట్టయింది, అంతే.”

“ఒక్కసారేనా?”

“నీ మీద ఒట్టు, ఒక్కసారే. ఏం, అలా చూస్తావేం?”

“ఏం లేదు. సీను మొత్తం తియ్యలేను. మీ మొహం మీద షాట్ తగ్గించి, హీరో వైపు నుంచి ఏమన్నా...”

“అయ్యో నా మతి మండ, తియ్యక్కర్లేదు. వేరే టేకు పెట్టు.”

“ఏ టేకు?”

“తర్వాత తీశారుగా బోలెడు. ‘బాగుందమ్మా, కాగితంలో ఉన్నట్టు కూడా ఒకటి చేద్దాం’ అన్నాడు డైరెక్టరు. చేశాను. చంటీ అని పిలిచాను, చెంప మీద ఒక్కటిచ్చాను కూడా. అది పెట్టు. సీను ఉంటుంది, నా మొహం నా మొహంలా ఉంటుంది.”

“మెచ్చుకుంది ఈ టేకుని కదా అత్తయ్యా.”

“తల్లి కొడుకుని గుర్తుపడితే తిడతారా ఎవరన్నా?”

“వాటిలో ఫోకస్ సరిగ్గా లేదు.”

“అన్నిటిలోనా?”

“సౌండు కూడా. పైన విమానం పోయింది.”

“డబ్బింగ్ చెప్తాను. ఇప్పుడే చెప్తాను, పద.”

“వద్దులెండి. మీరు ఇంటికెళ్లి పడుకోండి. నేను రేపు తనని వెళ్లకుండా ఆపుతాను.”

“రేపు ఆపుతావు. ఎల్లుండి? ఫోన్లో వస్తుంది, టీవీలో వస్తుంది. టేకు మారిస్తే ఏ గొడవా లేదు. ఫోకస్ లేకపోతే పోనీ, చూపించు.”

“చూపించలేను.”

“చెరిపేశావా?”

“లేదు.”

“ఉన్నాయన్నమాట.”

“ఉన్నాయి.”

“ఉంటే దాస్తావెందుకు? నేనేమన్నా పరాయిదాన్నా? పెట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది.”

“ముందు మీరు కూర్చోండి. కూర్చోండి అత్తయ్యా, నా చెయ్యి పట్టుకోండి. ఆ రోజు చీకటి పడేదాకా తీశారు. ప్రతి టేకుకీ ముందు డైరెక్టరు మీ పక్కకొచ్చి ఆ పేరు చెప్పాడు, ఆయన గొంతు కూడా రికార్డయింది. మీరు మొండికేశారనుకుని చివరికి ఆయనే వదిలేశాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక్క దాంట్లో కూడా మీరు చంటీ అనలేదు.”