సముద్రాన్ని వెనక్కి నెట్టిన దుర్గారావు

"సువర్ణా! ఇంకో టీ పెట్టు, అసలు కథ ఇప్పుడే మొదలైంది!" అని దుర్గారావు కేకేశాడు.

"పెడుతున్నా బావా," అంది టీకొట్టు లోపల్నుంచి సువర్ణ.

బావంట! ఏ వైపు చుట్టరికమో! అనుకున్నాడు నీళ్ల క్యాను భుజమ్మీద మోసుకొస్తున్న కిరణ్ కుమార్. ఎడారి దేశంలో పనిచేసి మొన్నే సెలవు మీద నాగాయలంకలో దిగాడు దుర్గారావు. అప్పట్నుంచీ కొట్టు ముందు బల్ల ఆయనదే.

"ఏముందీ, సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసి నాలుగొందల కిలోమీటర్లు ఎడారిలోకి పంపే గొట్టం అది. ఓ చోట కారుతుంటే నట్టు బిగించాను, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపల ఏదో అడ్డంపడింది. చూస్తే పండుగప్ప చేప! మన పడవంత ఉంది. ఉప్పు తీసే మిషన్లోంచి వచ్చిందేమో, ఒంట్లో ఉప్పంతా పోయి చప్పబడిపోయింది. పులుసులో బస్తాడు ఉప్పు పోయాల్సొచ్చింది!"

"ఎంతమంది తిన్నారేంటి?" అన్నాడు బల్ల మీద పక్కనే కూర్చున్న పున్నయ్య మావయ్య.

"ఊరంతా తిన్నాక తలకాయ మిగిలింది మావయ్యా!"

సువర్ణ పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసం కిరణ్ ఎన్ని ఉదయాలు కలలు కన్నాడో! అది కాస్తా ఓ చప్పటి చేపకి పోయింది.

"అంతటితో అయిందా? పంపు తిప్పేవాడు సెలవు పెడితే నేనే ఫుల్లుగా తిప్పా. సముద్రం రెండు మైళ్లు వెనక్కెళ్లిపోయి, ఓడలన్నీ బురదలో కూర్చున్నాయి! ఆ దేశం రాజుగారు చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చి, 'దుర్గారావు గారూ, కాస్త తగ్గించండి, అవతలి దేశం వాళ్లు స్నానాలు మానేశారు' అని..."

"మరి ఆ ఉప్పునీళ్లేం చేశారు?" కిరణ్ క్యాను ధబ్బున దించాడు.

"ఏ ఉప్పునీళ్లు?"

"నేను క్యాన్లు నింపే ప్లాంటులోనే ఎన్ని మంచినీళ్లు వస్తే అన్ని ఉప్పునీళ్లు బయటికి పోతాయి. సముద్రాన్నే తోడితే ఎన్ని రావాలి? ఎక్కడ పోశారండీ?"

"ఎక్కడేంటి, సముద్రంలోకే."

"అయితే సగం సముద్రం తిరిగొచ్చేసిందన్నమాట. ఓడలు లేవలేదేం?"

బల్ల మీదవాళ్లంతా గొల్లుమన్నారు. దుర్గారావు కూడా నవ్వేసి, టీ గ్లాసు వెనకాల మొహం దాచుకున్నాడు. నవ్వనిది సువర్ణ ఒక్కతే.

"పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గర ఉడికిపోయి ఇప్పుడే కాస్త నవ్వుకుంటున్నా. ఆయన కోతలు నాకు తెలీవా? నీకెందుకంత మంట కిరణ్?"

గెలిచాననుకున్న కిరణ్ దించిన క్యానునే మళ్లీ సర్దాడు. బల్లంతా చెవులు రిక్కించి కూర్చుంది.

"మంటేనండీ," అన్నాడు. "మూడేళ్లుగా రోజూ మీ గుమ్మంలోకి వస్తున్నా. మీరంటే నాకిష్టమండీ. ఆయనలా నవ్వించడం చేతకాక, ఆయన నవ్వించింది పాడుచేశాను."