కప్పు తట్టని రోజు

"ముందు నువ్వు చెప్పు, ఏం చూసినవ్? గుడిల చూసింది చూసినట్టు చెప్పు. ఏడ్చుడు చూసినవా, కంట్ల దుమ్ము పడుడు చూసినవా?"

"ఏడ్చినవ్ తాతా. అందరు పాపాల ఒప్పుకోలు చదువుతుంటే నువ్వొక్కనివే ఆపి, కండువతోటి మొఖం కప్పుకున్నవ్. ఎందుకు?"

ఊఁ. చూసినవన్నట్టు. ఇగ దాసి ఏం లాభం. కూసో రూతూ. ఆ ఫ్యాను జర తక్కువ చెయ్యి, నా మాట నాకే ఇనపడ్తలేదు.

నేను చిన్నప్పుడు, అంటే మరీ చిన్నగ కాదు, ఇరవై ఎనిమిదేండ్లు, మీ నాయన అప్పుడు మీ అవ్వ కడుపుల ఉండె, పాపం అంటే ఏందో నాకు బాగ తెల్సు అనుకునేటోన్ని. పాపం అంటే దొరలు చేసేది. మా ఊరి దొర మా నాయనతోటి వెట్టి చేయించుకున్నడు, జొన్నలడిగితే చెప్పుతోటి కొట్టిండు, నా కండ్ల ముంగట. అది పాపం. బొగ్గు బాయి పనికి వచ్చినంక కాంట్రాక్టర్లు మనుషుల్ని పశువుల లెక్క తోలుడు చూసిన. అది పాపం. యూనియన్ జెండా పట్టిన, సమ్మెల కూసున్న, పోలీసులు ఈపు మీద వాతలు తేల్చిండ్రు. చలికాలం వస్తె ఇప్పటికీ గుంజుతది.

గుడిల పాస్టరయ్య "మనమందరం పాపులం" అంటే నాకు మండేది. ఒకపారి లేసి అడిగిన గూడ. "అయ్యా, తన్నినోడు, తన్నులు తిన్నోడు ఇద్దరు ఒక్కటేనా? పేదోనికి పాపం చేసే తీరిక యాడుంది?" అన్న. ఆయన నవ్విండు. బక్క మనిషి, మంచోడు. ఎండల సైకిలేసుకొని రామగుండం టేషన్ దాంక పోయి జబ్బు మనుషుల్ని చూసొచ్చేటోడు. "నువ్వన్న దాంట్ల సగం నిజం ఏలియా. ఆ సగం ఇడిచిపెట్టకు. మిగిలిన సగం నీకే తెలుస్తది" అన్నడు.

తెలిసింది బిడ్డా.

అక్షరం ముక్క వచ్చినోన్ని, గొంతున్నోన్ని. అందుకని నన్ను సంఘపెద్దను చేసిండ్రు. అప్పుడు మన గుడి రేకుల షెడ్డు. చాపలు పరుసుకొని కూసునేది. ఎవరన్న తప్పు చేస్తే, తాగుడో, పెండ్లాన్ని కొట్టుడో, వాళ్లకు చాప లేదు. తలుపు కాడ వట్టి నేల మీద కూసోవాలె. ప్రభు బల్ల దినం అందరు పంచుకొని తినే రొట్టె ముట్టొద్దు. ఎన్ని నెలలు అనేది పెద్దలం కూసొని చెప్పేటోళ్లం. చెప్పుట్ల అందరికన్న ముంగట నేనే.

యోసేపు అని ఉండె. మా బాయిల బొగ్గెత్తే పని ఆయనది. మా క్వార్టర్ల లైన్లనే, మూడిండ్ల అవుతల. నాకన్న రెండేండ్లు చిన్న, అన్నా అన్నా అని తిరిగేటోడు. మంచిగ పాడేటోడు. కల్లు తాగితే ఇంకా మంచిగ పాడేటోడు. నవ్వకు. ఆ కల్లు మీదనే నేను ఆయన్ను ఆర్నెల్లు తలుపు కాడ కూసోబెట్టిన. ఆ గడువు దీరింది. ఆదివారం బల్ల ఉందనంగ శనివారం సాయంత్రం పెద్దల మీటింగు, యోసేపును మళ్ళ చాప మీదికి రానియ్యాల్నా వద్దా అని. "ఇరవై దినాలైంది అన్నా, చుక్క ముట్టలే" అని నాతోటి చెప్పిండు. నేను నమ్మలే. ఇంకో ఆర్నెల్లు పెంచాలె అని ఏమేం మాట్లాడాల్నో మనసుల అంతా తయారు పెట్టుకున్న.

ఆ శనివారం మాకు పొద్దటి షిఫ్టు. నాది టింబర్‌మన్ పని. నీకు తెల్వదు గద, చెప్త ఇను. మందు పేల్చి బొగ్గు పగలగొడ్తరు. పొగ పోయినంక అందరికన్న ముంగట నేను పోవాలె, చేతిల కర్ర పట్టుకొని. ఆ కర్రతోటి నెత్తి మీద కప్పును తట్టుకుంట పోవాలె. గట్టిగుంటే కంచుపళ్ళెం కొట్టినట్టు మోగుతది. వదులైతే డొల్ల చప్పుడొస్తది. డొల్లగుంటే గడ్డపారతోటి రాలగొట్టాలె, లేకుంటే కింద కట్టె దిమ్మెలు నిలబెట్టాలె. మూలమూలకు తట్టినంక "రండ్రి" అని పిలుస్త. ఆ మాట నా నోట్ల నుంచి వచ్చేదాంక ఎవ్వడు లోపల అడుగు పెట్టడు. కర్ర నాది, పానం వాళ్ళది.

ఆ దినం చివరి మందు ఆలస్యమైంది. ఆ బొగ్గెత్తితేనే మేం పైకి పోవుడు. నాకేమో మీటింగు ఫికరు. పాస్టరయ్య మెత్తటోడు, నేను లేకుంటే యోసేపును ఊకెనే రానిస్తడని. ముంగట రెండు జాగలల్ల తట్టిన, మోగింది. మూలకు పోలే. "రండ్రి, జల్ది!" అన్న. యోసేపుతోటి బొగ్గెత్తే ఇంకొకాయన బొగ్గు టబ్బు నూక్కొస్తందుకు పోయిండు. యోసేపు ఒక్కడే తట్ట పట్టుకొని మూలకు పోయిండు.

పెద్ద రాయి గూడ కాదు బిడ్డా. ఈ మంచంల సగమంత. ఆయన మోకాలి కింద, కాలు మీద పడ్డది. అరవలే ఆయన. "అన్నా" అన్నడు, అంతే.

మా షిఫ్టు మీది సార్, ఓవర్‌మన్, ఉరికొచ్చి, "తట్టినవా ఏలియా?" అని అడిగిండు. ఇక్కడ ఇను. ఎవ్వడు నన్ను బెదిరియ్యలే. దొర లేడు, పోలీసు లేడు. నా నోరు, నేను. "తట్టిన సార్. మూల డొల్లగుంది, పోకు అన్న. ఇనలే. కల్లు తాగొచ్చిండు కావచ్చు" అన్న. ఎంత సులువుగ వచ్చిందో! ఆ అబద్ధం ఆ నిమిషంల పుట్టింది కాదు, ఎన్నడో నాలోపలికొచ్చి ఇల్లు కట్టుకొని ఉన్నది. అందరు నమ్మిండ్రు. ఎందుకు నమ్మరు? యోసేపు తాగుబోతని లైనంతా చెప్పింది నేనే గద.

రెండు దినాలకు ఆఫీసు నుంచి మాట వచ్చింది. మాట ఇనకుండ, తాగి లోపలికి పోయిండని కాయితం రాసిండ్రు. కాలు నయమైనా పని పోతది. ఆ కాయితం మీద సాక్షి సంతకం నాది.

దవాఖానకు పోయిన. ఎందుకు పోయిన్నో, సంఘపెద్ద పోకుంటే బాగుండదని కావచ్చు. రెండు బత్తాయిలు కొన్న. అప్పుడు చాయ్ పదిహేను పైసలు, పదిహేనో పన్నెండో, యాదికి లేదు. బత్తాయంటే మాత్రం జబ్బు చేస్తెనే నోరు చూసేది. యోసేపు పెండ్లాం శాంతమ్మ మంచం కాడ కూసున్నది. నన్ను చూడంగనే యోసేపు, "అన్నా, నీకేం దెబ్బ తాకలే గద?" అన్నడు.

"లేదు" అన్న.

మళ్ళ మెల్లగ అన్నడు. "నువ్వు పోకు అన్నవట గద. నాకు యాదికొస్తలేదు అన్నా. రండ్రి అన్నట్టే యాదికుంది. మందు చప్పుడుకు చెవులు మూసుకపోయినయో ఏమో. చుక్క ముట్టలే, ప్రభువు తోడు. కని నువ్వు అబద్ధమాడవు గద. నేనే ఇనలేదేమో."

మా నాయన దొర ముంగట గట్లనే అనేటోడు బిడ్డా. "తప్పు నాదేనేమో దొరా" అని. అదే మాట, అదే గొంతు. నేను దొర నిలబడే జాగల నిలబడి ఇన్న.

ఇగ ఆగలేకపోయిన. "నేను తట్టలే యోసేపూ. పోకు అనలే. రండ్రి అనే అన్న" అని చెప్పిన. శాంతమ్మ లేసింది. బత్తాయిలు రెండు తీసి నా చేతుల పెట్టి, "బయటికి పో" అన్నది. యోసేపు మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు.

అక్కడ్నుంచి అక్కడ్నే ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పిన. యోసేపు మీద రాసిన కాయితం తీసేసిండ్రు. నన్ను మూడు నెలలు పని బంద్ చేసి, తర్వాత కర్ర గుంజుకొని చేతిల తట్ట పెట్టిండ్రు. మంచిగనే చేసిండ్రు. గుడిల గూడ అందరి ముంగట చెప్పిన. పెద్దలు ఎన్ని నెలలు అని చెప్పకముందే నేనే పోయి తలుపు కాడ వట్టి నేల మీద కూసున్న.

చెప్పేసిన, శిక్ష పడ్డది, ఇగ కడిగినట్టైత అనుకున్న. యాడ? యోసేపు సంకకర్రతోటి ఇంటికొచ్చిండు. కాలు వంకరగనే అతికింది. లైను చివరన నల్లా. తెల్లారి నుంచి శాంతమ్మ ఇంటికి రెండు బిందెలు మోసిన. ఆమె నేను చూస్తుండంగనే రెండు బిందెలు మురికి మోరిల గుమ్మరిచ్చింది. మళ్ళ మోసిన, మళ్ళ గుమ్మరిచ్చింది. మీ అవ్వ నిండు చూలాలు, "మన ఇంట్ల చుక్క లేదు, మోరికి మోస్తున్నవా" అని తిట్టింది. పది దినాలు గట్లనే. పదకొండో దినం గుమ్మరియ్యలే. "నీళ్ళు మాకు అక్కెరకొస్తయ్, పెట్టిపో. కని ఈ బిందెలతోటి నిన్ను నువ్వు కడుక్కుంట అనుకోకు. ఎన్ని మోసినా ఆ కాలు సక్కగ కాదు" అన్నది. పాస్టరయ్యకు చెప్తె, "శాంతమ్మ గంత చెప్పినంక నేనింకేం ప్రసంగం చేయాలె" అన్నడు.

మోసుడు ఆపలే. కని ఆ దినం నుంచి ఏదో కొనుక్కుంటున్నట్టు మోసుడు ఆగింది.

నాలుగు నెలలకు బల్ల దినం వచ్చింది. మన గుడిల రొట్టె పాస్టరయ్య చేత్తోటి ఇయ్యడు, నువ్వు చూస్తవ్ గద. పళ్ళెం చేతి నుంచి చేతికొస్తది, పక్కోనికి పక్కోడే అందియ్యాలె. అప్పుడైతే ఆఖరి చాప కాడ ఆగేది. వట్టి నేల మీదికి రాకపోయేది. యోసేపు సంకకర్రతోటి వచ్చిండు. ఆయనకు చాప ఇచ్చిండ్రు ఆ దినం. ఆ నాలుగు నెలలు నాతోటి ఒక్క మాట లేదు ఆయనకు. చాప దాటిండు. దాటి, గోడ పట్టుకొని, కాలు సాపుకొని, మెల్లగ వచ్చి నా పక్కన నేల మీద కూలబడ్డడు. ఆయనకు చాప ఉన్నది గనుక, ఆఖరి చాప మీదాయన పళ్ళెం ఆయనకు అందిచ్చిండు. ఒక ముక్క తిన్నడు. ఇంకో ముక్క తుంచి నా దిక్కు పెట్టిండు.

నేను చేతులు ఎనుకకు పెట్టుకున్న. "నాకు హక్కు లేదు" అన్న.

"హక్కా? జెండా యాడ పెట్టొచ్చినవ్ అన్నా?" అన్నడు. నవ్వలే కని, మాట మాత్రం పరాచికం లెక్కనే అన్నడు. "హక్కుతోటి తినేదైతే ఈ గుడిల ఒక్క చాప గూడ అక్కెర పడదు."

ముంగట ఒక పెద్దమనిషి దగ్గిండు. పాస్టరయ్య చూసి పాట ఎత్తుకున్నడు.

"నా కోపం పోలే" అన్నడు యోసేపు. "పొద్దున లేసి కాలు కింద పెడ్తె నువ్వే యాదికొస్తవ్. అయినా చెయ్యి సాపు. ఇది నేను ఇస్తున్నది కాదు. నా చేతిల పెట్టిండ్రు, పక్కోనికి అందియ్యమన్నరు. పక్కోనివి నువ్వున్నవ్. నేనేం చేయాలె?"

ఆయన చెయ్యి అట్లనే సాపి ఉంది. నాది లేస్తలేదు. చెప్పుతోటి కొట్టినా ఓర్సుకునేటోన్ని, ఆ ముక్క ఓర్సుకోలేకపోయిన. ఎంతసేపు పట్టుకున్నడో. పాట అయిపోయింది, మళ్ళ మొదలు పెట్టిండ్రు. ఆఖరుకు సాపిన. సిగ్గు పోయినంక సాపలే బిడ్డా, సిగ్గుతోటే సాపిన, సిగ్గుతోటే తిన్న.

ఇయ్యాల గుడిల ఒప్పుకోలు చదువుతుంటే ఆ ముక్కనే యాదికొచ్చింది. నా సంగతి అయిపోయింది, నీ సంగతి చెప్పు. నీ కాలు ఇరగ్గొట్టి, తప్పు నీదేనన్నోడు నీ పక్కన నేల మీద కూసున్నడనుకో. రొట్టె నీ చేతిల ఉంది, వాని చెయ్యి లేస్తలేదు. నువ్వెంతసేపు పట్టుకుంటవ్?