నర్సుతో పరాచికం

కెనడాలోని థండర్ బే ఆసుపత్రిలో తెల్లవారింది. కూతురు కళ్లు తెరవగానే తల్లి మంచం మీదికి వంగింది.

"అమ్మా, ఆకలేస్తోంది."

"ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నానే, తల్లీ!"

"ఆ నర్సు రాత్రంతా ఊరికే లేపి నీ పేరేంటని ఒకటే అడగడం. విసుగొచ్చి మన కుక్క పేరు చెప్పా."

"చెప్పావులే! మెదడు వాచిందేమోనని డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి."

"నాకసలేమైంది?"

"ఒంట్లో ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లం పెరిగిందట. సీసాలకొద్దీ నీళ్లు తాగుతుంటే ఉత్త దాహమనుకున్నా, వాంతులైతే ఫ్లూ అనుకున్నా. ఆయాసపడుతుంటే దగ్గరికి తీసుకున్నా. నీ ఊపిరి మాగిన పండు వాసనేసింది. వెంటనే కారెక్కించా."

"తగ్గిపోయిందా?"

"ఈ గండం గడిచింది. కానీ ఇకనుంచి రోజూ తినేముందు సూది."

"రోజూనా?"

"రోజూనే."

"పాన్‌కేకులు తినొచ్చా?"

"సూది వేశాక తినొచ్చు."

"అయితే ఆ నర్సును పిలువు. ఈసారి నా పేరే చెప్తాలే."