అలివేలు అయితే ప్రెజెంట్

"ఈ లైన్ ఏంటమ్మా?"

"ఏ లైన్ మేడం?"

"నా వేలు ఉన్న లైన్."

"అదా. అది సుమ్నే, ఊరికే ఉండాది మేడం."

"ప్రోగ్రాంలో ఏదీ సుమ్నే ఉండదు. చదువు."

"ఇఫ్ నేమ్ ఈక్వల్స్... అలివేలు."

"తర్వాత?"

"స్టేటస్ ఈక్వల్స్ ప్రెజెంట్."

"అంటే?"

"అంటే, పేరు అలివేలు అయితే ప్రెజెంట్ వెయ్యమని మేడం."

చందాపుర దగ్గరి ఆ కాలేజీలో బీసీఏ చివరి సంవత్సరం పిల్లలకు ప్రాజెక్టు వైవాలు జరుగుతున్నాయి. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్‌గా వచ్చిన మేడం పొద్దుటి నుంచీ లైబ్రరీ ప్రాజెక్టులూ, అటెండెన్స్ ప్రాజెక్టులూ చూసి చూసి ఆవలింతలు మింగుతోంది. ఈ లైన్ దగ్గరికి వచ్చేసరికి నిద్ర ఎగిరిపోయింది. పక్క కుర్చీలో ఉండవలసిన ఈ కాలేజీ లెక్చరర్ మునిరాజు సార్ కాఫీకని వెళ్ళి ఇంకా రాలేదు. ఆవిడ చేతిలోని కాగితంలో విద్యార్థుల రిజిస్టర్ నంబర్లే తప్ప పేర్లుండవు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి పేరు ఫర్హానా అని తెలిసింది కూడా ల్యాప్‌టాప్ తెర మీద కనబడబట్టే. వైవా కన్నడంలో మొదలైంది; ఆ పిల్ల కంగారులో ఒక తెలుగు ముక్క జారవిడిచాక ఇద్దరూ తెలుగులోకి దిగారు.

ఎగ్జామినర్ పేరు అలివేలు. ఆ సంగతి ఫర్హానాకు తెలియదు.

"ఎవరీ అలివేలు?"

"టెస్ట్ కేస్ మేడం."

"టెస్ట్ కేస్‌కు ఏ, బీ, సీ అని పెడతారు. లేకపోతే తమ పేరే పెట్టుకుంటారు. నీకీ పేరు ఎక్కడ దొరికింది?"

"మా అవ్వ పేరు మేడం."

"ఫర్హానా, మీ అవ్వ పేరు అలివేలా?"

"సొంత అవ్వ కాదు మేడం. పక్కింటి అవ్వ."

"పక్కింటి అవ్వ మీ కాలేజీలో చదువుతోందా?"

"లేదు మేడం."

"మరి ఆవిడకెందుకమ్మా అటెండెన్స్?"

"అంటే... అది నేను రాయలేదు మేడం. పార్ట్‌నర్ రాసింది."

"వచ్చావా దారికి. పొద్దుట్నుంచి ఇక్కడ నిలబడ్డవాళ్ళందరిదీ ఇదే మాట. జవాబు తెలిసినవన్నీ తాము రాసినవి, తెలియనివన్నీ పార్ట్‌నర్ రాసినవి."

"నిజంగా మేడం. మిగతాదంతా నన్ను అడగండి. డేటాబేస్ నేనే చేసినాను. లాగిన్ పేజీ నేనే. రిపోర్టులు నేనే. ఈ ఒక్క ముక్క మాత్రం..."

"కనబడినప్పుడు తీసెయ్యలేకపోయావా?"

"తీసేసినాను మేడం. మళ్ళా పెట్టింది. మళ్ళా తీసేసినాను, మళ్ళా పెట్టింది. అప్పుడు అలిగింది. నాకు అన్నం కూడా పెట్ట..."

"ఏంటి?"

"ఏం లేదు మేడం. అలిగింది అంటుండాను."

"ఇద్దరూ ఒక్కచోటే ఉంటారా?"

"ఒకే ఇంట్లో మేడం."

"రూమ్మేటా?"

"అట్లనే అనుకోండి."

అలివేలు ప్రోగ్రాం నడిపి చూపించమంది. ఫర్హానాకు ప్రాణం లేచివచ్చింది. ఇది ఆమెకు బాగా వచ్చిన పాఠం.

"తొమ్మిదింపావు దాటితే ఆబ్సెంట్ మేడం. ఇప్పుడు దేవరాజ్ అని ఒక స్టూడెంట్ ఉండాడు. తొమ్మిదిన్నరకు వచ్చినాడు. చూడండి, ఎర్రగా వచ్చింది. ఆబ్సెంట్."

"ఇప్పుడు అలివేలును పంపు. తొమ్మిదిన్నరకే."

"ప్రెజెంట్."

"పదకొండింటికి?"

"ప్రెజెంట్ మేడం."

"సాయంత్రం? కాలేజీ గేటు మూసేశాక?"

"అప్పుడూ... ప్రెజెంటే మేడం. పచ్చగా వచ్చింది."

ఆ పచ్చ రంగు వైపు అలివేలు చాలాసేపు చూసింది. ఆమె చదువుకున్న కాలేజీలో డిపార్ట్‌మెంట్ తలుపు పక్కన ఒక కంప్యూటర్ ఉండేది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అందులో పేరు కొట్టి లోపలికి వెళ్ళాలి. టైము దాటితే అది ఆబ్సెంట్ అనేది, ఎంత బతిమాలినా వినేది కాదు. వర్తూరులో బస్సెక్కి, చెరువు కట్ట దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుని, ఇంకో బస్సు మారి, మెట్ల మీద రొప్పుకుంటూ వచ్చే అలివేలును మాత్రం ఏనాడూ అనలేదు. చేతి గడియారం తొమ్మిదిన్నర చూపిస్తుంటే, తన గడియారమే ముందు నడుస్తోందని ఆమె నమ్మింది. రిపేరు షాపులో ఇచ్చింది కూడా. ఏ జబ్బూ లేదని వాడు తిరిగి ఇచ్చేస్తే, వాడికే పని రాదనుకుంది. చివరి ఏడాది ఒక్కరోజు కూడా తప్పకుండా వచ్చినందుకు కాలేజీవాళ్ళు కప్పు ఇచ్చారు. అది ఇప్పటికీ ఇంట్లో టీవీ పక్కన ఉంది. ఏటా కొత్త బ్యాచ్ పిల్లలకు మొదటి క్లాసులో పాఠం చెప్పకముందు ఆ కప్పు కథే చెబుతుంది. వర్తూరు నుంచి వచ్చిన దాన్ని నేనే ఏనాడూ లేటు కాలేదు, ఎదురు వీధిలో ఉండే మీకేం రోగం అని అడుగుతుంది.

"మేడం, ఏమైనా తప్పా?"

"ఈ కోడ్ మీ పార్ట్‌నర్‌కు ఎక్కడిది?"

"తన దగ్గరే ఉండింది మేడం, పాతది. సీ లాంగ్వేజ్‌లో ఉంటే మేము పైథాన్‌లోకి మార్చినాము. మొత్తం మార్చినాము. ఈ లైన్ ఒక్కటే అట్లనే..."

"పాతదంటే ఎంత పాతది?"

"బాగా పాతది మేడం."

"ఈ అలివేలు ఎవరో నీకు నిజంగా తెలియదా?"

"ఒట్టు మేడం, తెలీదు. ఎప్పుడు అడిగినా పార్ట్‌నర్ నవ్వుతుంది. పాపం ఆ పిల్ల రోజూ పరుగెత్తుకుంటా వస్తుండె, మెట్లు ఎక్కేలోపల జడ ఊడిపోయేది అంటుంది. అంతకుమించి చెప్పదు."

"జడేమీ ఊడిపోయేది కాదు."

"మేడం?"

"నా పేరు అలివేలు."

ఫర్హానా ఒకసారి తెర వైపు చూసింది, ఒకసారి మేడం జడ వైపు చూసింది, ఆ తర్వాత మూసివున్న తలుపు వైపు చూసింది.

"మీరా మేడం?"

"నేనే."

"అయితే నా మార్కులు పోయినట్లే కదా మేడం?"

"మార్కుల సంగతి తర్వాత. ఇది ఫాతిమా రాసిన లైన్. నాతో చదివింది. మా డిపార్ట్‌మెంట్‌లో అటెండెన్స్ ప్రోగ్రాం మొత్తం దానిదే. దీన్లో నా పేరు ఉండాదని ఈ పొద్దు దాకా నాకు తెలీదు."

అలివేలు నోట లెక్చరర్ తెలుగు జారిపోయి, వర్తూరు తెలుగు బయటపడింది. ఆమె అది గమనించలేదు. ఫర్హానా గమనించింది. ఆ పిల్ల భయం కాస్త కాస్తగా పోయి, దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. కుర్చీ లాక్కోవచ్చా అని కూడా అడగకుండా లాక్కుంది.

"ఎట్లుండె మేడం, ఆ ఫాతిమా?"

"వైవా నీకా, నాకా?"

"సుమ్నే అడుగుతుండాను మేడం. బాగా చదివేదా?"

"నాకన్నా బాగా. నేను బట్టీ కొట్టేదాన్ని, అది ఆలోచించేది. ల్యాబ్‌లో నా ప్రోగ్రాం ఆగిపోతే వెనకాల వచ్చి నిలబడేది. తప్పు ఎక్కడుండాదో దానికి చూస్తానే తెలిసిపోయేది. చెప్పేది కాదు. నవ్వుతా నిలబడేది. నాకు ఒళ్ళు మండేది."

"ఇప్పటికీ అంతే."

"ఎవరు?"

"మా పార్ట్‌నర్ మేడం. మా పార్ట్‌నర్ కూడా అంతే అంటుండాను. అయితే ఆమెకూ కప్పు వచ్చిందా మేడం?"

"కప్పు గురించి నీకెవరు చెప్పినారు?"

"మా సీనియర్లు మీ కాలేజీలో ఎంసీఏ చేస్తుండారు మేడం. వర్తూరు నుంచి వచ్చే మేడం ఒకరు ఉండారు, మొదటి రోజు కప్పు కథ చెప్తారు అని... మీరని తెలీదు మేడం, మీ మాట విన్నాక ఇప్పుడే తెలిసింది."

"కప్పు లేదు, ఏమీ లేదు. దానికి డిగ్రీనే రాలేదు. చివరి సెమిస్టర్‌లో కనబడకుండా పోయింది. తిరిగొచ్చేలోపల అటెండెన్స్ చాల్లేదని హాల్ టికెట్ ఆపేసినారు. పెళ్ళి కుదిరిందంట, ఇంక చదువెందుకు అని వదిలేసిందంట అనుకున్నారు అందరూ. నేను ఫోన్ చేస్తే..."

"పెళ్ళి కాదు మేడం."

"ఏమి?"

"పెళ్ళి తర్వాత అయింది. అప్పుడు వాళ్ళ నాయనకు కాలూ చెయ్యీ పడిపోయినాయి. హిందూపురం ఆస్పత్రిలో పక్కనే ఉండి చూసుకునింది. ఫోన్ ఎత్తేదానికి ఇంట్లో ఎవరూ లేరు."

అలివేలు కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడిచింది. ఎన్నోసార్లు రింగవుతూ ఉండిపోయిన ఆ ఫోన్, తనతో మాట్లాడడం ఇష్టం లేకనే ఎత్తలేదని ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది.

"ప్రోగ్రాం దాని చేతిలోనే ఉండింది కదమ్మా. నా పేరు రాసింది. కింద ఇంకొక లైన్, తన పేరు రాసుకునుంటే ఎవరికి తెలుస్తుండె?"

"నేనూ అదే అడిగినాను మేడం."

"ఎవరిని?"

"పార్ట్‌నర్‌ను."

"ఏమనింది?"

"ఆ పిల్ల లేటైతే తప్పు బస్సుది, అందుకని రాసినాను. నాకోసం నేనే రాసుకుంటే మొహం ఎట్ల చూపించుకునేది అనింది."

"పార్ట్‌నర్ అనింది."

"అవును మేడం."

"ఫాతిమా నాయన ఆస్పత్రిలో ఉన్నాడనీ పార్ట్‌నరే చెప్పింది."

"అవును మేడం."

"పార్ట్‌నర్‌కు ఎట్ల తెలుసు?"

"మేడం, రిజిస్టర్ నంబర్ తప్ప పేర్లు అడక్కూడదు అని మునిరాజు సార్ చెప్పినారు."

"నేను పేరు అడగలేదు. ఎట్ల తెలుసు అని అడిగినాను."

"తన సంగతి తనకు తెలీకుండా ఉంటుందా మేడం?"

అలివేలు లేచి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చుంది. కాగితంలో ఫర్హానా నంబరు కింద ఉన్న నంబరు చూసింది. అది నంబరే. ఎంత చూసినా పేరుగా మారలేదు.

"నీ క్లాసులోనా?"

"పాత సెమిస్టర్లు చెల్లవన్నారంట మేడం. మొదట్నుంచి మళ్ళా చేరింది. పేర్ల వరసలో నా పక్కనే వచ్చింది. మూడేళ్ళూ నా బెంచీనే."

"పిల్లలు ఏమీ అనేవాళ్ళు కాదా?"

"మొదట్లో నవ్వినారు. ఇప్పుడు పరీక్షలప్పుడు అందరూ ఆమె నోట్స్ కోసమే వస్తారు. నాకే మేడం కష్టం. క్లాస్ ఎగ్గొట్టేదానికి లేదు. పొద్దున్నే దుప్పటి లాగేస్తుంది. క్యాంటీన్‌లో కూర్చుంటే లోపలికి వచ్చి చెవి పట్టుకోని..."

"రూమ్మేట్ చెవి పట్టుకుంటుందా?"

ఫర్హానా తల వంచుకుని నవ్వు ఆపుకుంది.

అప్పుడే మునిరాజు సార్ కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చాడు. అలివేలు ఆయనతో కన్నడంలో, తర్వాతి అభ్యర్థి తనకు తెలిసిన మనిషని, ఆమెకు తాను మార్కులు వెయ్యడం పద్ధతి కాదని, ప్రశ్నలూ మార్కులూ ఆయనే చూసుకోవాలని, కావాలంటే ఇంకో ఎగ్జామినర్‌ను పిలిపించుకోవచ్చని చెప్పింది. తెలిసినవాళ్ళయితే ఇంకా మంచిదే కదా అని ఆయన తేలిగ్గా తీసుకోబోయాడు. ఆమె ఒప్పుకోలేదు. సరే ప్రిన్సిపాల్‌ను అడిగి వస్తానని ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ బయటికి నడిచాడు.

"మేడం, మరి నాకు?"

"నీకు వేసేసినాను."

"ఆ లైన్‌కు కోసేసినారా?"

"కోసినాను. ప్రోగ్రాం అన్నాక అందరికీ ఒకటే రూల్ ఉండాల. అలివేలుకు ఒకటి, దేవరాజ్‌కు ఒకటి ఉండకూడదు. మిగతాది బాగుండాది. డేటాబేస్ చాలా బాగా చేసినావు."

"ఆ లైన్ తీసెయ్యాలా మేడం?"

"నువ్వు తీసినా మళ్ళా పెడుతుంది కదా. దానితో నేను మాట్లాడుకుంటాను. పోయి పిలువు."

"ఏమని పిలిచేది మేడం? పార్ట్‌నర్ అనా, ఫాతిమా అనా?"

"రోజూ ఎట్ల పిలుస్తావో అట్లనే పిలువు."

ఫర్హానా ల్యాప్‌టాప్ తెర మూయకుండానే వెళ్ళి తలుపు తీసింది. వరండాలో బెంచీ మీద పిల్లల మధ్య కూర్చుని ఎవరో గబగబా చివరిసారి నోట్స్ తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"అమ్మీ, లోపలికి రా. నీ నంబర్ పిలుస్తుండారు."