ఈస్టు కట్టె

వోస్ కొండల్లో క్రిస్మస్ బీరు కాచే రోజు. పాత పాలక్యాన్లు కోసి, వెల్డింగ్ చేసి కొత్త అల్లుడు సొంతంగా తయారుచేసుకున్న బాన పక్కన నిలబడి, అత్తగారు గోడకేసి చూసింది.

"ఇక్కడ వేలాడే కట్టె ఏదయ్యా?"

"మురికిగా ఉందని మరగబెట్టి తోమానత్తయ్యా. సామానంతా మరిగించాలని పుస్తకంలో ఉంది."

"నీ పుస్తకం తగలెయ్య! అది మురికా? కట్టె మీద ఎండబెట్టి దాచుకున్న, మా అమ్మమ్మ నాటి ఈస్టు!"

"కొట్లోంచి ఈస్టు పొట్లం తెస్తాను."

"పొట్లంతో కాస్తే అది మన బీరెలా అవుతుంది? పక్కింటి గూరో దగ్గర మన ఈస్టే ఉంది. ఒకప్పుడు నేనే ఇచ్చాను."

"కంచె గొడవప్పటి నుంచీ మీకు మాటల్లేవు కదా. ఇవ్వదేమో?"

"ఈస్టు అడిగితే పగవాడికైనా కాదనరిక్కడ. ఇస్తుంది. పైగా కూర్చోబెట్టి కాఫీ కూడా పోస్తుంది. అదేనయ్యా నా ఏడుపు! ఆ గిన్నె ఇటివ్వు."